పట్టకారు చేతిలో కదలని ఎలుక

ఆయన అసలు పేరు జీతాలిచ్చే చోట తప్ప ఇంకెక్కడా వినపడదు. మెదడు మీద పరిశోధన చేసే ఆ భవనంలో గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకుని మూడో అంతస్తు పెద్ద మేడమ్ దాకా అందరికీ ఆయన పట్టకారే. ఎలుక తోకని రెండు వేళ్ళతో పట్టి పైకి లేపాడంటే పొయ్యి మీంచి గిన్నె దించినట్టుండేది. తొణికేది లేదు, బెణికేది లేదు. ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు అది. పోను పోను బిరుదై కూర్చుంది.

మొదట్లో ఆయన వచ్చింది మూటలు మొయ్యడానికి. ఎలుకల మేత బస్తాలు లారీలోంచి దించి నేలమాళిగలో పేర్చాలి. తర్వాత అక్కడే ఎలుకల డబ్బాలు కడిగే గదిలో పడేశారు. రోజంతా ఆవిరి, సోడా నీళ్ళు. డబ్బాల్లో ఎలుకల కింద పరిచే పొట్టు దులిపితే ఘాటుకి కళ్ళు మండేవి. వేళ్ళ సందులు పాసిపోయి రాత్రి ముద్ద కలుపుకుంటే చురుక్కుమనేది. అక్కణ్ణుంచి ఆయన్ని పైకి తీసింది ఓ ముసలి కాపరి, ఎలుకల గదులన్నీ చూసుకునేవాడు. దానికి తోకే పిడిరా, మొదట్లో పట్టుకో, ఇంకేం ఆలోచించకు అని నేర్పాడు. చదువు ఎక్కని బుర్రే గాని చేతికి పని ఇట్టే అబ్బింది. ముసలాయన పోయాక ఎలుకల గది ఈయన చేతికొచ్చింది. అప్పట్నుంచీ నేలమాళిగ మెట్లు దిగితే ఒట్టు. ఆ వాసనే పడదనేవాడు.

ఆ రోజుల్లో పరిశోధన వేరేగా ఉండేది. ఎలుక తలని సన్నటి ఇనప బద్దకి బిగించేవాళ్ళు. ముందు చిన్న తెర పెట్టి గీతలు చూపించేవాళ్ళు, లేదా పుల్లతో దాని మీసాలు కదిపేవాళ్ళు. మెదడులోకి వెంట్రుకలాంటి తీగ దింపితే అక్కడ జరిగేది స్పీకర్లో వినపడేది. వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చిటపటలు. మీసం తగిలితే ఓ చోట చిటపట, వెలుతురు పడితే ఇంకో చోట. ఇదంతా చెయ్యాలంటే ఎలుక గింజుకోకూడదు. గింజుకుందా, ఆ రోజు పని గంగలో కలిసినట్టే. అందుకని బిగించే ముందు పట్టకారుకి కబురొచ్చేది. ఆయన తోక పట్టి లేపి, గుప్పిట్లోకి తీసుకునేవాడు. అంతే. రాయి. ఊపిరి పీలుస్తోందో లేదో కూడా తెలిసేది కాదు.

బయట్నుంచి ఎవరన్నా పెద్దవాళ్ళు భవనం చూడ్డానికొస్తే పెద్ద మేడమ్ ఆయన్ని పిలిపించి ఎలుకని పట్టించేది. ఈయన చెయ్యి మా దగ్గర సగం యంత్రాలకంటే విలువైందండీ అనేది. ఆ మాట ఆయన ఇంటికి మోసుకెళ్ళి భార్యకి చెప్పాడు, కూతురికి చెప్పాడు, ఆదివారం వచ్చిన బావమరిదికి రెండుసార్లు చెప్పాడు. బావమరిది పర్మనెంటు ఉద్యోగస్తుడు. ఎలుకలు పట్టడానికి పిల్లులున్నాయి కదా బావా, నీకెందుకు కష్టం అని నవ్వాడు. పట్టకారు నవ్వలేదు. మీ అందరికీ నన్ను చూస్తే లోకువ, ఆ మూగజీవాలకి మాత్రం నేనెవరో తెలుసు అన్నాడు. తన చేతిలో ఎలుక కదలకపోవడం నమ్మకం అని ఆయన లెక్క. ప్రేమ అనే మాట నోటితో అనలేదు గాని, లోపల అనుకుంది అదే.

ఎలుకల గదిలో ఇంకో మనిషి ఉండేది. ఊడ్చి తుడిచే ఆవిడ. అందరూ పిన్ని అనేవాళ్ళు, తనకంటే పెద్దవాళ్ళు కూడా. పట్టకారు సెలవైతే డబ్బాలు మార్చే పని ఆవిడ మీద పడేది. ఆవిడకి తోక పట్టడం రాదు, పాపం దానికి నొప్పేమో అనేది. డబ్బాలో చెయ్యి పెట్టి ఊరుకునేది. ఎలుకలు అరచేతిలోకెక్కి, జాకెట్టు చేతి మీదగా భుజం దాకా పాకి, చెవి వాసన చూసి దిగేవి. పట్టకారు ఓసారి చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఎలుకలతో సరసాలేంటి, వాటికి భయభక్తులు పోతే రేపు ఎవరు పట్టుకుంటారు అని గదంతా వినపడేలా అరిచాడు. అక్కడితో ఊరుకోక సూపర్‌వైజర్‌కి ఫిర్యాదు కూడా చేశాడు. సూపర్‌వైజర్ పిన్నికి నాలుగు చీవాట్లు పెట్టాడు. పిన్ని చీపురు గోడకి ఆనించి, నేను పిలవలేదయ్యా, అవే ఎక్కాయి అంది. మళ్ళీ చీపురు తీసుకుంది.

ఇలా సాగుతుండగా పెద్ద మేడమ్ పని పద్ధతి మార్చేసింది. తల బిగించిన ఎలుక మెదడు ఏం చేస్తుందో చాలా చూశాం, అది ఎలుక బతుకు కాదు కదా అందట. దానిష్టానికి అది తిరుగుతున్నప్పుడు, తిండి వెతుక్కుంటున్నప్పుడు, తోటి ఎలుకతో ఆడుకుంటున్నప్పుడు కళ్ళూ ముక్కూ మీసాలూ పంపించే కబుర్లని మెదడు ఎలా అందుకుంటుందో తెలియాలి. కొత్త గదిలో పెరడంత పెట్టె కట్టించారు. అడుగున మట్టి, పుల్లలు, దూరడానికి గొట్టాలు, వేటాడుకోడానికి కీచురాళ్ళు. పైన కెమెరాలు. ఎలుక తల మీద చింతగింజంత టోపీ, దాన్నుంచి పైకి పోయే సన్నటి తీగ. బిగింపు లేదు, పుల్లతో పొడవడం లేదు. ఊరికే చూడ్డం, వినడం.

ఆ గదికి ఓ కాపరి కావాలి, అది పర్మనెంటు పోస్టు అన్నారు. అప్పటిదాకా పట్టకారూ పిన్నీ కాంట్రాక్టరు కింద మనుషులు. కాంట్రాక్టరు రేపు రావద్దంటే అంతే సంగతులు. గదుల్లో పనులు కుదించేస్తున్నారనీ, పోస్టు రానివాళ్ళు మళ్ళీ కిందకి, డబ్బాలు కడగడానికే అనీ సూపర్‌వైజర్ ముందే చెవిన వేశాడు. పట్టకారుకి దిగులే లేదు. ఆ పోస్టు నాది కాక ఇంకెవరిది అన్నాడు. ఇంట్లో కూడా అయిపోయినట్టే చెప్పాడు. భార్య తన తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేసింది.

తీరా పని మొదలయ్యాక ఎలుకలు మొండికేశాయి. పెట్టెలో వదిలితే మూలకి పోయి ముడుచుకు కూర్చునేవి. కీచురాయి ముందు నుంచి నడిచిపోయినా చలనం లేదు. మీసాలు ఆడించేవి కావు. స్పీకర్లో అక్కడో చుక్క ఇక్కడో చుక్క. ఆ పని చూసే అమ్మాయి, సోడాబుడ్డి కళ్ళద్దాల అమ్మాయి, తలపట్టుకుంది. టోపీ బరువేమో అని తేలిక చేయించింది. లైట్లు తగ్గించింది. మట్టి మార్పించింది. చివరికి కీచురాళ్ళు బాగాలేవేమో అని వేరే చోట్నుంచి తెప్పించింది. ఏం చేసినా ముడుచుకునే ఉన్నాయి.

ఆ పిల్ల అవస్థ చూసి పట్టకారు మనసు కరిగింది. ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, ఒక్కో ఎలుకనీ తోక పట్టి లేపి, గుప్పిట్లో కాసేపు ఉంచుకుని, వీపు నిమిరి పెట్టెలో దింపేవాడు. వాటిని కుదుర్చుతున్నాను అనుకునేవాడు. పని బాగాలేని రోజున ఇంకాసేపు ఎక్కువ నిమిరేవాడు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. కొత్త గది, ఎలుకలు బెదురుగా ఉన్నాయి పాపా, నేనున్నాగా అని అమ్మాయికి ధైర్యం కూడా చెప్పాడు.

ఓ ఆదివారం ఆ అమ్మాయి ఉండబట్టలేక సెలవు రోజు కూడా వచ్చింది. ఆ రోజు డ్యూటీ పిన్నిది. పిన్ని ఎలుకల్ని దోసిట్లో తెచ్చి పెట్టెలో వదిలి తన తడిగుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి పెట్టె అంతా సంతలా అయిపోయింది. ఒకటి మట్టి తవ్వుతోంది, ఒకటి గొట్టంలో దూరి అవతల తేలింది, ఇంకోటి కీచురాయి వెంటపడి దూకి పట్టుకుంది. స్పీకర్లో వాన కురిసినట్టు చిటపటలు. సోమవారం పట్టకారు వచ్చాడు, ఎలుకలు మూలకెళ్ళాయి. తర్వాతి ఆదివారం మళ్ళీ సంత. అమ్మాయికి అనుమానం వచ్చింది. పెద్ద మేడమ్‌కి చెప్పింది. ఊహలు కట్టిపెట్టు, సరిగ్గా పరీక్ష చేసి చూడు అంది మేడమ్.

పరీక్ష అని పట్టకారుకి చెప్పలేదు. మీరు గదిలోకి రాగానే వాటి మెదడులో ఏం జరుగుతుందో వినాలండీ, నేను పిలిచినప్పుడు లోపలికి రండి అందంతే. ఆయన పొంగిపోయాడు. పోస్టు ఇచ్చే ముందు ఆనవాయితీ కోసం చూస్తున్నారనుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. ఆ రోజు ఎలుకని పెట్టెలో దింపింది పిన్ని. తలుపు బయట నిలబడితే లోపల్నుంచి స్పీకర్ శబ్దం వినపడుతోంది. దడదడదడ, ఆగకుండా. ఇన్నేళ్ళలో ఎలుక మెదడు అంత గోల చెయ్యడం ఆయన వినలేదు. అమ్మాయి పిలిచింది. తలుపు తీసుకుని వెళ్ళాడు.

వంటింట్లో ఎవరో పొయ్యి ఆర్పేసినట్టు చప్పుడు పడిపోయింది. పెట్టె మధ్యలో ఉన్న ఎలుక ముందుకాలు ఎత్తింది ఎత్తినట్టే ఆగిపోయింది. మీసాలు బిగుసుకుపోయాయి.

పట్టకారు మొహం వెలిగిపోయింది.

"చూశారా పాపా. నన్ను చూడగానే ఎలా కుదురుకుందో."

అమ్మాయి తెర మీద గీతలు చూస్తోంది. ఆయన దగ్గరికొచ్చి, ఏమంటోంది లోపల, నన్ను గుర్తుపట్టిందా అని అడిగాడు.

"గుర్తుపట్టింది."

"చెప్పానా."

"బాబాయ్, కూర్చోండి." ఆ అమ్మాయి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. "ఎలుక బాగున్నప్పుడు మీసాలు ఆడుతూనే ఉంటాయి, ముక్కు అదురుతూనే ఉంటుంది. అలా తడుముకుంటూనే అది లోకాన్ని చూస్తుంది. మీరొచ్చినప్పుడు మొత్తం ఆపేసింది. అవన్నీ ఆగిపోయినప్పుడు మెదడులో ఇంకో చోటు మోగుతోంది. పిల్లి వాసన పెట్టినప్పుడు మోగేది అదే."

ఆయన నవ్వబోయాడు. "నేను పిల్లినా?"

"మీ తప్పు కాదు. తోక పట్టి లేపితే వాటికి వణుకు పుడుతుందని ఇప్పుడిప్పుడే అందరూ తెలుసుకుంటున్నారు. మగవాళ్ళ వాసన అన్నా బెదురే. మనమే ఇన్నాళ్ళూ కదలకపోతే చాలనుకున్నాం, ఎందుకు కదలట్లేదో అడగలేదు."

"నా చేతిలో నిద్రపోతాయి అవి."

"నిద్ర కాదు బాబాయ్. చచ్చిపోయినట్టు పడుంటే వదిలేస్తారని."

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక ఆ పిల్ల కెమెరాలో పట్టిన ఆదివారం వీడియో చూపించింది. ఎలుకలు తవ్వుకోవడం, ఒకదాన్నొకటి తోసుకోవడం, ఒకటి వెనక్కాళ్ళ మీద నిలబడి గాల్లో ముక్కు ఆడించడం. అన్నీ ఆయన పెంచిన ఎలుకలే. గుర్తుకోసం చెవికి పెట్టిన గాటు చూసి ఏది ఏదో చెప్పగలడు. కానీ ఆ ఆటలేవీ ఆయన ఎరగడు. ఎలా ఎరుగుతాడు, చూడాలంటే తను అక్కడ ఉండాలి, తను ఉంటే అవి ఆడవు. కాసేపు చూసి, ఇవి మనవేనా అని అడిగాడు. మనవే అంది అమ్మాయి.

ఆ సాయంత్రం ఇంటికి నడిచే వెళ్ళాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల కూతురు ఎవరినో అనుకరిస్తూ మాట్లాడుతోంది. గొంతు బొంగురు చేసి, మూగజీవాలకి నేనెవరో తెలుసు అంటోంది. భార్య పకపకా నవ్వుతోంది. ఆవిడ అలా నవ్వుతుందని ఆయనకి గుర్తే లేదు. చెప్పు విడిచిన చప్పుడుకి నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్ళేసరికి కూతురు పుస్తకం ముందు తల వంచుకుని ఉంది, భార్య వంటింట్లో గిన్నె తోముతోంది. అంతకుముందే తోమిన గిన్నె. రోజూ ఇలాగే ఉంటుంది. ఇల్లంటే ఇలా ఉండాలి, గట్టి మనిషి ఉన్న ఇల్లు అని ఆయన మురిసిపోయేవాడు కూడా.

వంటింటి గుమ్మంలో నిలబడి, నేనంటే మీకు భయమా అని అడిగాడు.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "ఇప్పుడెందుకా మాటలు. అన్నం పెట్టెయ్యనా?"

పెట్టమన్నాడు. కూతురు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. పెట్టాక వెంటనే వెళ్ళిపోలేదు, వెళ్ళొచ్చని చెప్పేదాకా నిలబడే ఉంది. ఆయన ఆ కాళ్ళకేసి చూసి తలూపాడు. వెళ్ళిపోయింది.

పెద్ద మేడమ్ అన్యాయం మనిషి కాదు. ఉన్నపళంగా తీసెయ్యలేదు. కొత్త పద్ధతి నేర్చుకో, దోసిట్లో ఎక్కించుకోవడం, పిన్ని చూపిస్తుంది, నెలాఖరుకి చూసి పోస్టు సంగతి తేలుద్దాం అంది. పిన్ని దగ్గర నేర్చుకోవడమా అనుకున్నాడు. కానీ బావమరిది మొహం గుర్తొచ్చింది. సరేనన్నాడు. వాసన లేని సబ్బు తెచ్చుకున్నాడు. బీడీ మానేశాడు. పిన్ని ఇచ్చిన ఎలుకల పొట్టు జేబులో పోసుకుని తిరిగాడు, వాటి వాసన తనకి అంటుకుంటుందని. వాచ్‌మన్ ముక్కు మూసుకుని, ఏం పట్టకారూ, నువ్వు కూడా కన్నం తవ్వుకుంటున్నావా అని ఎగతాళి చేశాడు. పట్టకారు ఆ మాట పడ్డాడు.

పిన్ని పాత కక్ష ఏదీ పెట్టుకోలేదు. అదే ఆయనకి ఎక్కువ బాధ. తిట్టినా బాగుండేది. పక్కనే నిలబడి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పేది.

"చెయ్యి చాపి ఊరుకో అన్నయ్యా. పట్టుకోకు. అదే రావాలి."

"రాకపోతే?"

"రాకపోతే రాలేదు. రేపు మళ్ళీ చాపు."

చాపాడు. పూటలు పూటలు చాపాడు. భుజం పీకేది, ఎలుకలు అవతలి మూలలో ఒకదాని మీద ఒకటెక్కి ఈ చేతికేసే చూసేవి. పిన్ని చెయ్యి పెడితే వచ్చేవి. ఆయనది పెడితే పోయేవి. ఓసారి పిన్ని తన చెయ్యి మీద ఆయన చెయ్యి పెట్టించి చూసింది, మోసపోతాయేమో అని. మోసపోలేదు.

నెల చివరికొచ్చింది. గది అద్దం అవతల కళ్ళద్దాల అమ్మాయి నిలబడి చూస్తోంది. గడువు దగ్గరపడిందని ఆ పిల్లకీ కంగారుగానే ఉంది. పట్టకారు మట్టి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చాలాసేపయ్యాక వేలి కొసకి ఏదో తగిలింది. దారం ఆనించినట్టు. కళ్ళు తెరిచాడు. చెవికి రెండు గాట్లున్న ఎలుక ఒళ్ళంతా వెనక్కి సాగదీసి, మొహం ఒక్కటే ముందుకి చాపి, మీసాలతో ఆయన చూపుడువేలు తడుముతోంది. మీసాలు ఆడుతున్నాయి. ముక్కు అదురుతోంది. ఇన్నేళ్ళలో ఒక ఎలుక ఆయన్ని తెలుసుకోవాలనుకోవడం అదే మొదలు. ముందుకాలు ఎత్తి వేలి మీద పెట్టింది. రెండోది పెట్టింది. అరచేతిలోకి వచ్చింది. పిన్ని పక్కనే నిలబడి చూస్తోంది. 

అప్పుడు అది వెళ్ళిపోబోయింది. ఏమీ లేదు, చూసింది, చాలనుకుంది, పక్కకి తిరిగింది. వెళ్ళిపోతోందని ఆయన మనసు అనుకునే లోపే చెయ్యి కదిలింది. బొటనవేలూ చూపుడువేలూ. తోక మొదట్లో. గట్టిగా, తొణక్కుండా, ముసలి కాపరి నేర్పినట్టు.

ఎలుక గాల్లో వేలాడుతోంది. కదలట్లేదు.

పిన్ని దించెయ్యి అన్నయ్యా, దించెయ్యి అని మెల్లిగా అంది. దించాడు. అది మూలకి కూడా పరిగెత్తలేదు, దించిన చోటే రాయిలా ఉండిపోయింది. అద్దం అవతల అమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది.  ఆయన చేతులు కడుక్కుని, రుద్ది రుద్ది కడుక్కుని, వెళ్ళిపోయాడు.

పోస్టు పిన్నికిచ్చారు. ఆవిడ ఆయన దగ్గరికొచ్చి నేనైతే అడగలేదన్నయ్యా అంది. నిజమే, ఆవిడ అడగలేదు. బావమరిదికి ఏం చెప్పారో గాని ఆ తర్వాత ఆదివారం అతను రాలేదు. ఫోన్లో అక్కతోనే మాట్లాడి పెట్టేశాడు.

ఇప్పుడు పట్టకారు నేలమాళిగలో డబ్బాలు కడుగుతాడు. కింద ఆయన్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు. కొత్తవాళ్ళు ఓ పెద్దాయనా అంటారు. పైనుంచి మురికి డబ్బాలు బండి మీద దిగుతాయి. ఎలుకలుండవు, అవి విడిచిన పొట్టూ కాగితం పీలికలూ ఉంటాయి. ఆయన చూసుకున్నన్నాళ్ళూ ఆ పీలికలు డబ్బాలో ఎలా వేస్తే అలాగే పరుచుకుని ఉండేవి. మన ఎలుకలకి గూడు కట్టడం రాదండీ అని మేడమ్‌కి ఆయనే చెప్పాడు. ఇప్పుడు వచ్చే ప్రతి డబ్బాలో ఓ మూల గూడు ఉంటుంది. పీలికలు దారాల్లా చీల్చి, గుండ్రంగా అల్లి, పైన కప్పు వేసి, పక్కన దూరేంత కన్నం పెట్టి. కొన్నింట్లో వేలు పెడితే ఇంకా వెచ్చగా తగులుతుంది.

దులపకుండా కడగడానికి కుదరదు. డబ్బా బోర్లించి అంచుని పీపాకేసి కొట్టాలి. గూడు గట్టిగా కట్టి ఉంటే ఒక్క దెబ్బకి ఊడదు, రెండోసారి కొట్టాలి. ఆయన కొడతాడు. పీపా నిండితే మూత పెట్టి ఇంకోటి లాక్కుంటాడు.